ప్రేయోరసము, గ్రామ్యహాస్యము : ‘ఈ నగరానికి ఏమైంది’ చిత్రముపై ఒక పరిశీలనము

యౌవనారంభదశను, మిత్రబృందమును, గ్రామ్యప్రాయమైన హాస్యమును ఒక్కచోట కూర్చి నడపిన చలనచిత్రములు తెలుగున 2000 తరువాత ఒక ప్రత్యేకశాఖగా ఏర్పడినవి. వీనిని గూర్చి మనలో రెండు వైఖరులు కానవచ్చుచున్నవి. కొందఱు పెద్దలు ఇవి బూతుచిత్రములని త్రోసిపుచ్చి, విమర్శకు అర్హములు కావందురు. మఱికొందఱు వీనికి యువకులలో గల ఆదరమునే ప్రమాణముగా గొని మెచ్చుకొందురు. ఉపేక్షయు విమర్శ కాదు, ఆదరసంఖ్యయు విమర్శ కాదు. మన ఆలంకారికులు దోషమన నేమి, అది ఎచ్చట దోషము, ఎచ్చట దోషము కాదు అని యెంతయో సూక్ష్మముగా విచారించిపోయిరి. ఆ విచారమును ప్రబంధములకు మాత్రమే పరిమితము చేసి, మన విద్యార్థులు ప్రతిదినము చూచి, కంఠస్థము చేసి, ఒకరితో నొకరు చెప్పుకొను కృతులకు అన్వయింపకుండుట న్యాయముగా తోపదు.

ఈ వ్యాసమున రెండు ప్రశ్నలు విచారింపబడును. ఈ కృతులలోని గ్రామ్యత దోషమా, గుణమా యనునది మొదటిది. వీనియందు స్నేహము శృంగారహాస్యములకు అంగమా, లేక తానే అంగియా యనునది రెండవది. ఇందుకు తరుణ్ భాస్కర్ దర్శకత్వమున డి. సురేశ్ బాబు నిర్మింపగా 2018 జూన్ 29న విడుదలయైన ‘ఈ నగరానికి ఏమైంది’ అను చిత్రమును లక్ష్యముగా గ్రహించుచున్నాను.

ముందుగా ఈ శాఖయొక్క పూర్వచరిత్ర కొంత తెలియవలెను. జంధ్యాల 1983లో తీసిన ‘రెండు జెళ్ళ సీత’ యందు నలుగురు యువకులు ఒక యువతి మెప్పునకై పోటీపడుదురు. వారి చేష్టలు మొదట అల్లరి. ఆమె దుఃఖము తెలిసిన పిమ్మట వారి నడవడి మారును. శంకర్ తమిళమున తీయగా తెలుగునకు అనువదింపబడిన ‘బాయ్స్’ (2003) ఐదుగురు బాలుర కామకుతూహలమును మఱుగు లేక చూపి, తమిళదేశమున తీవ్రమైన ఆక్షేపణకు గురియైనది. శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ (2007) ఇంజనీరింగు కళాశాల నాలుగేండ్లను మృదువుగా చిత్రించినది. మారుతి 2012లో వెలువరించిన ‘ఈ రోజుల్లో’, ‘బస్ స్టాప్’ అనునవి ద్వ్యర్థి సంభాషణలవలన పేరును అపకీర్తిని గూడ సంపాదించినవి. పిమ్మట 2023లో కల్యాణ్ శంకర్ ‘మ్యాడ్’ వచ్చినది. ఆ పేరు మనోజ్, అశోక్, దామోదర్ అను ముగ్గురు మిత్రుల నామముల మొదటి ఇంగ్లీషు అక్షరముల కూర్పు. ఒక్క నాయకుని పేరు గాక ముగ్గురి పేరులు కలిసి ఒక శీర్షిక యగుటయే ఈ శాఖయొక్క స్వభావమును తెలుపుచున్నది.

ఇతరదేశములందును ఈ శాఖ కలదు. ‘హ్యాపీ డేస్’ వచ్చిన 2007లోనే అమెరికాలో గ్రెగ్ మొటోలా దర్శకత్వమున ‘సూపర్‌బ్యాడ్’ అను చిత్రము వచ్చినది. సేత్ రోగన్, ఇవాన్ గోల్డ్‌బర్గ్ అను మిత్రులు బాల్యావస్థ దాటని వయసుననే దాని రచన నారంభించి, కథలోని యిరువురు మిత్రులకు తమ పేరులే పెట్టిరి. ఆ కథలో బాలురు మద్యమునకై, బాలికల సాంగత్యమునకై పడు పాట్లు మిక్కిలి మోటైన మాటలతో నడచును. కాని కథయొక్క ఆయువుపట్టు అది కాదు. ఉన్నతపాఠశాల ముగియుచున్నది, ఇద్దఱు వేర్వేరు కళాశాలలకు పోవలసియున్నది, ఎడబాటు తప్పదు. ఆ భయమును పైకి చెప్పుకొన జాలక వారు బూతులాడుదురు. ఈ సూత్రము మనకు ముందు ఉపయోగపడును.

ఇక ప్రస్తుతకృతి. వివేక్, కార్తీక్, కౌశిక్, ఉపేంద్ర యను నలుగురు హైదరాబాదు యువకులు. ఈ పాత్రలను వరుసగా విశ్వక్ సేన్, సాయి సుశాంత్ రెడ్డి, అభినవ్ గోమఠం, వెంకటేశ్ కాకుమాను ధరించిరి. విద్యార్థిదశలో వీరు లఘుచిత్రములు తీసి, చలనచిత్రరంగమున ప్రవేశింప గలలు గన్నవారు. కాలక్రమమున వివేక్ ప్రేమభంగముచే కటువై మద్యమునకు లోనయ్యెను. కార్తీక్ మద్యశాల యొకదానిలో ఉద్యోగము చేయుచు, లాభదాయకమైన వివాహమునకు సిద్ధపడుచున్నాడు. కౌశిక్ గాత్రదానము చేయుచు, ఉపేంద్ర పెండ్లి వీడియోలు కూర్చుచు కాలము గడుపుచున్నారు. ఒకరాత్రి మత్తులో నలుగురు గోవాకు పోవుదురు. అచ్చట కార్తీక్ పెండ్లికి సంబంధించిన విలువైన ఆభరణము పోవును. ఆ నష్టము పూడ్చుటకై వారు మఱల ఒక లఘుచిత్రము తీయవలసివచ్చును. స్థూలముగా కథ యింతే.

శీర్షికయే మొదటి హాస్యము. ‘ఈ నగరానికి ఏమైంది’ యనునది ప్రదర్శనశాలలలో చిత్రమునకు ముందు వేయవలసిన ధూమపాననిషేధ ప్రకటనలోని మాట. ప్రేక్షకుడు దానిని వందలమాఱులు విని, అర్థమును మఱచి, ధ్వనిని మాత్రమే జ్ఞాపకముంచుకొన్నాడు. దర్శకుడు ఆ ధర్మోపదేశవాక్యమును తీసికొని, పొగత్రాగి మద్యము సేవించు నలుగురి కథకు పేరుగా పెట్టెను. పెద్దల హితోపదేశము పిల్లల నోట పరిహాసమగుట మన ప్రహసనములందును, వీధినాటకములందును గల పాత పద్ధతియే. కాని యిచ్చట పరిహాసము క్రింద ఒక నిజమైన ప్రశ్నయు మిగిలియున్నది: ఈ నగరమున ఈ పిల్లలకు నిజముగా ఏమైనది? నలుగురును తమకు వచ్చిన విద్యను విడిచి, దానికి ఛాయవంటి పనులలో బ్రతుకుచున్నారు. చిత్రములు తీయదలచినవాడు పెండ్లి వీడియోలు కూర్చుచున్నాడు. నటింపదలచినవాడు పరుల ముఖములకు గొంతు నిచ్చుచున్నాడు. శీర్షికలోని హాస్యము ఈ విషాదమును కప్పుచు, కప్పుటచేతనే సూచించుచున్నది.

మొదటి ప్రశ్న: గ్రామ్యత. ఆలంకారికులు అశ్లీలమును వ్రీడావ్యంజకము, జుగుప్సావ్యంజకము, అమంగళవ్యంజకము అని మూడు విధములుగా విభజించిరి. గ్రామ్యతను వేఱు దోషముగా లెక్కించిరి. కాని వారే ఇవి నిత్యదోషములు కావనియు, సందర్భమునుబట్టి గుణములగుననియు చెప్పిరి. సురతగోష్ఠియందు అశ్లీలము, అధమపాత్రల మాటలయందు గ్రామ్యత దోషములు కావని సాహిత్యదర్పణకారుని మతము. దీనికి మూలము ఔచిత్యమే. కావున ఈ మాట బూతా యని యడుగుట చాలదు. ఎవడు, ఎవనితో, ఏ స్థితిలో అనుచున్నాడని అడుగవలెను.

ఈ విచారమున ఉపయోగించు ఒక సూత్రమును ప్రతిపాదింతును. పాత్ర నోటివెంట వెలువడు గ్రామ్యోక్తికి సంబోధ్యుడు ఎవడు? అది తోడిపాత్రను ఉద్దేశించినదైనచో అది సంభాషణము. తోడిపాత్రను దాటి ప్రేక్షకుని ఉద్దేశించినదైనచో అది కేవలము కితకిత. ద్వ్యర్థి సంభాషణలకు ప్రసిద్ధములైన చిత్రములలో తఱచుగా ఒక పాత్ర అమాయకముగా మాటాడినట్లు నటించును. రెండవ అర్థము ప్రేక్షకునకు మాత్రమే విక్రయింపబడును. ఆ మాట తీసివేసినను పాత్రల సంబంధమునకు లోపము కలుగదు. ‘ఈ నగరానికి ఏమైంది’ యందు స్థితి వేఱు. ఇందలి తిట్లు, మోటమాటలు మిత్రునికే తగులును. వాని జవాబు నపేక్షించును. కౌశిక్ పలుకు నొక్కొక్క ఎత్తిపొడుపు వివేక్ కోపమునకు ఎంతవఱకు చోటీయవలెనో, ఎచ్చట ఆపవలెనో కొలిచి చూచుచుండును. ఆ మాటలు తీసివేసినచో స్నేహమే మూగదియగును. కావున ఇవి ఔచిత్యమును తప్పినవి కావు.

తిట్టుటయే ప్రీతిని దెలుపు విధానమగుట మనకు క్రొత్త కాదు. నిందారూపమున స్తుతి యగు వ్యాజస్తుతి అలంకారము శాస్త్రసిద్ధము. యువకుల భాషయందు మఱియొక విశేషము గలదు. మిత్రులు పరస్పరము ‘మామా’, ‘బావా’ అని పిలుచుకొందురు. ఇవి రెండును మేనఱికపు వరుసలు. తెలుగువారి బంధుత్వవ్యవస్థలో అన్నదమ్ముల నడుమ మర్యాద, బావమఱదుల నడుమ పరిహాసము విహితములు. కులగోత్రములతో నిమిత్తములేని స్నేహితుడు ‘అన్న’ కాక ‘బావ’ యగుటచేత, వానితో ఏమైనను ఆడవచ్చునన్న అనుమతి ఆ పిలుపుతోడనే లభించుచున్నది. గ్రామ్యహాస్యమునకు మూలమైన ఈ కల్పితబంధుత్వమును మన భాషాశాస్త్రవిద్యార్థులు ప్రత్యేకముగా పరిశీలింపదగును.

ఇట్టి కృతికి మన ప్రాచీనసాహిత్యమున సాదృశ్యము లేకపోలేదు. రావిపాటి త్రిపురాంతకుని ‘ప్రేమాభిరామము’ననుసరించి వినుకొండ వల్లభరాయడు రచించినట్లు ప్రసిద్ధమైనదియు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు శ్రీనాథకృతముగా వాదించినదియు అగు ‘క్రీడాభిరామము’ ఒక వీథి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిద్దఱు మిత్రులు ఓరుగల్లు నగరవీథులలో తిరుగుటయే అందలి ఇతివృత్తము. పూటకూటింట భోజనము, కోడిపందెములు, పొట్టేళ్ళ పోరు, వేశ్యవాటిక, మాచల్దేవి చిత్రశాల — కన్నదెల్ల వారు వ్యాఖ్యానింతురు; ఆ వ్యాఖ్యానమున శృంగారము తఱచు హద్దు మీఱును. ఆ కృతిని సభ్యతాదృష్టితో నిరసించినవారు గలరు. కాని కాకతీయుల రాజధాని జీవనమును తెలిసికొనుటకు చరిత్రకారులు ఆ బూతుకృతినే ఆశ్రయింతురు. ఇద్దఱు మిత్రులు, ఒక నగరము, ఒక దినము, అదుపులేని నాలుక: ఇన్నియు నేటి యువచిత్రముల సామగ్రియే. భేదమొక్కటి గలదు. మంచనశర్మ టిట్టిభసెట్టులు నగరమును చూచి యానందింతురు. నేటి నలుగురు నగరమున ఊపిరాడక దానిని విడిచిపోవుదురు.

నెల్లూరిసీమకు మఱింత దగ్గఱి దృష్టాంతము కేతన ‘దశకుమారచరిత్రము’. 13వ శతాబ్దిలో దండి సంస్కృతగద్యకావ్యమును తెలుగుచేసి, మనుమసిద్ధి యాస్థానమున నెల్లూర నున్న తిక్కనకు కేతన అంకితమిచ్చెను. రాజవాహనుడును తొమ్మండ్రు సహచరులును చెదరిపోయి, తిరిగి కలిసికొని, ఒక్కొక్కడు తన సాహసము చెప్పుట ఆ కావ్యనిర్మాణము. అందు దొంగతనము, జూదము, వేశ్యల మాయలు, రహస్యప్రణయములు ఉన్నవి. మరీచిమహర్షిని కామమంజరి వంచించు కథవంటి పరిహాసములున్నవి. ఇన్ని కథలను కూర్చిన సూత్రము మిత్రుల పునస్సమాగమమే. ఒక్కొక్కని శృంగారకథ మిత్రసభలో చెప్పబడుటకే పుట్టినట్లుండును. భారతకవి యగు తిక్కన ఇట్టి కృతికి కృతిపతియగుటకు సంకోచింపలేదని నేటి నిరసనకారులు గమనింపవలెను.

ఇంతటితో రెండవ ప్రశ్నకు వత్తము. శృంగారప్రధానములగు రూపకములందు మిత్రుడు పీఠమర్దుడో, విటుడో, విదూషకుడో యై నాయకునకు నర్మసచివుడుగా నుండును. మన చలనచిత్రములును చిరకాలము ఈ మార్గముననే నడచినవి. హాస్యనటుడు నాయకుని ప్రేమకు దూత. ప్రస్తుతశాఖలో ఈ సంబంధము తలక్రిందైనది. శృంగారమే స్నేహమునకు ఉపకరణమైనది. మిత్రులు మాటాడుకొనుటకు, పోట్లాడుటకు, ఓదార్చుకొనుటకు ప్రేమవృత్తాంతమొక నెపము.

రుద్రటుడు తొమ్మిది రసములకు తోడు స్నేహము స్థాయిగా ప్రేయోరసమును పదియవదిగా నంగీకరించెను. అభినవగుప్తుడు స్నేహమును ప్రత్యేకరసముగా నొప్పుకొనలేదు. బాలునకు తల్లిదండ్రులయందలి స్నేహము భయమునందును, యువకునకు మిత్రులయందలి స్నేహము రతియందును, లక్ష్మణాదులకు భ్రాతయందలి స్నేహము ధర్మవీరమునందును విశ్రాంతి నొందునని ఆయన మతము. యువకుల మిత్రస్నేహము రతియందు విశ్రమించుననుట మన ప్రస్తుతవిషయమునకు నేరుగా తగులుచున్నది.

లక్ష్యమును పరీక్షింతము. వివేక్ యొక్క రతి శిల్పయందు భగ్నమైనది. అభినవగుప్తుని మతమున మిత్రస్నేహము రతియందు విశ్రమించునదైనచో, ఇచ్చట దానికి విశ్రాంతిస్థానమే లేదు. కాని కథలో స్నేహము నశింపలేదు. పైగా భగ్నరతిచే జడుడైన వానిని మఱల కార్యోన్ముఖుని చేసినది అదియే. ఇచ్చట ఒక పూర్వపక్షము రావచ్చును: నలుగురిని కలిపినది లఘుచిత్రనిర్మాణము గదా, కావున స్థాయి స్నేహము గాక ఉత్సాహమేల కారాదు? సమాధానము. ఉత్సాహమునకు ఆలంబనము సాధింపవలసిన కార్యము. ఇందు కార్యము అనుకోకుండ, నష్టపరిహారార్థము మీద పడినది. దానిని నలుగురిలో నెవ్వడును ఒంటరిగా తలపెట్టియుండడు. ఇందు మిత్రులు పరస్పరము ఆలంబనము. విద్యార్థిదశాస్మృతులు, పాత లఘుచిత్రములు ఉద్దీపనములు. ఎగతాళి, అలుక, తిట్టు, పెనగులాట అనుభావములు. గర్వము, అమర్షము, వ్రీడ, స్మృతి వ్యభిచారిభావములు. సామగ్రి సంపూర్ణముగా నున్నది. కావున ఈ లక్ష్యమునందు రుద్రటుని పక్షమే బలవత్తరమని నా నిశ్చయము.

ఈ నిర్ణయము కేవలము శాస్త్రచర్చ కాదు. మన సమాజమున యువకుడు మిత్రునితో నీవు లేక నేను లేనని చెప్పుటకు తగిన భాష లేదు. భార్యకు, తల్లికి, దేశమునకు చెప్పదగిన మాటలు కావ్యములలో నున్నవి. తోడివానికి చెప్పదగినవి అరుదు. ఆ లోపమును బూతు పూరించుచున్నది. దానిని నిషేధించుటకు ముందు, దానికి మాఱుగా ఏ భాష నిచ్చితిమని ఉపాధ్యాయులమైన మనము ప్రశ్నించుకొనవలెను.

ఇక దోషములు. ఈ శాఖకు గల ముఖ్యదోషము గ్రామ్యత కాదు, స్త్రీపాత్రల అల్పత్వము. శిల్ప యెడబాటు అధికముగా వివేక్ పక్షముననే మనకు తెలియును. ఆమె ఏమి కోరినదో, ఏల పోయినదో ఆమె దృష్టినుండి విచారింప కథకు తీరిక లేదు. ‘హ్యాపీ డేస్’ యందు యువ అధ్యాపకురాలు విద్యార్థుల చూపునకు లక్ష్యమగునే కాని, ఆ చూపు ఆమెకెట్లుండెనో తెలియదు. 1983 నాటి ‘రెండు జెళ్ళ సీత’ యందు యువతి గతకథ యువకుల మార్పునకు కారణమైనది. 2018 నాటికి యువతి వారి గాయమునకు కారణమైనది. కాలము ముందునకు పోయినను ఈ విషయమున కథ వెనుకకు పోయినది. వివేక్ కటుత్వమును చిత్రము రోగముగానే చూపినదన్నమాట నిజము. కాని రోగమును చూపుట వేఱు, గాయపఱచినదని చెప్పబడిన వ్యక్తికి మాట యిచ్చుట వేఱు. పురుషుల స్నేహమునకు ప్రేయోరసత్వము సిద్ధించునేని, స్త్రీల స్నేహమునకును సిద్ధింపవలెను. బాలికల మిత్రబృందము తమలో తామాడుకొను హాస్యమును ఇంత స్వేచ్ఛగా చూపిన చిత్రములు మనకు మిక్కిలి తక్కువ. ఇది రససిద్ధాంతదృష్టితోడనే లోపము.

రెండవ లోపము దేశమునకు సంబంధించినది. దీనిని బోగోలునందు నిలిచి చూచినచో స్పష్టమగును. బోగోలు నెల్లూరుజిల్లా తీరమండలము. ఒకవైపు చెన్నై–విజయవాడ రైలుమార్గము, జాతీయరహదారి, మఱియొకవైపు బంగాళాఖాతము. ఈ మండలమందలి బిట్రగుంట ఆవిరియంత్రముల కాలమున గొప్ప రైల్వేకేంద్రము. జువ్వలదిన్నె మత్స్యకారుల ఊరు. ఈ చిత్రమున సముద్రము స్వేచ్ఛకు సంకేతము. ఉద్యోగము, పెండ్లి, అప్పు అనువానినుండి పారిపోయి చేరు తావు. జువ్వలదిన్నె యువకునకు సముద్రము తండ్రి చేయు పని. వలయు, పడవయు, తుపానుహెచ్చరికయు దాని లక్షణములు. అతడు స్వేచ్ఛకై పోవుట సముద్రమునుండి రైలెక్కి నగరమునకు. హైదరాబాదు యువకుల విభావములు ఇచ్చట విలోమమగును. ఐనను ఈ చిత్రము ఈ తీరపు యువకునకు రుచించుటకు కారణము, దేశవిభావములు మాఱినను స్థాయియైన స్నేహము మాఱకుండుటయే. కాని తీరపల్లెలందలి మిత్రబృందముల కథను అట్టి స్వేచ్ఛతో చెప్పు చిత్రము రావలసియే యున్నది.

భాషావిషయమునను ఇట్టిదే. హైదరాబాదు యువకుల తెలుగు, అందలి ఉర్దూ ఇంగ్లీషుల కలయికతో సహా, నాయకుల భాషగా నిలిచినది. తెలంగాణమాండలికమును చిరకాలము ప్రతినాయకునకో, హాస్యగానికో విడిచిన చలనచిత్రరంగమున ఇది ఘనమైన మార్పు. నెల్లూరు మాండలికమునకు అట్టి భాగ్యము పట్టలేదు. ఈ జిల్లాకు చెందిన రమణారెడ్డి తన యాసతో తెరపై చిరస్మరణీయుడయ్యెను. కాని ఆ యాస హాస్యనటుని సొత్తుగనే యుండిపోయినది. మాండలికము నవ్వించుటయందే కాక నొచ్చుకొనుటయందును వినబడినప్పుడు దానికి సంపూర్ణగౌరవము.

కృతియొక్క అనంతరజీవనము గూడ గమనింపదగినది. మొదట విడుదలయైనప్పటికంటె తరువాతి యేండ్లలో ఇది యువకులకు మిక్కిలి సన్నిహితమైనది. 2023 జూన్‌లో మఱల విడుదల చేయగా ప్రేక్షకులు పాత్రలతో పాటు సంభాషణములు పలికిరి. కృతినుండి విడివడిన వాక్యములు సందర్భానుసారముగా నోటినుండి నోటికి, చేతియంత్రమునుండి చేతియంత్రమునకు ప్రాకుచున్నవి. ఇది చాటువుల జీవనవిధానమే. క్రీడాభిరామమును పరిష్కరించిన ప్రభాకరశాస్త్రిగారే చాటుపద్యములను సేకరించి ‘చాటుపద్యమణిమంజరి’గా ప్రకటించిరి. ఆయన మోటతనమునకు జంకి సేకరణము మానియున్నచో మనకెంతటి నష్టమో యోచింపవలెను. నేటి సంభాషణచాటువులను కాలస్థలప్రయోగసహితముగా సేకరించుట పరిశోధకులకు తగిన పని.

మొత్తముమీద తేలిన విషయములివి. గ్రామ్యహాస్యమునకు సంబోధ్యుడు తోడిపాత్రయైనచో అది ఔచిత్యవంతము. ప్రేక్షకుడు మాత్రమే యైనచో దోషము. ‘ఈ నగరానికి ఏమైంది’ యందు స్నేహము అంగియై ప్రేయోరసముగా పరిణమించినది. స్త్రీపాత్రలకు స్వరము లేకపోవుట దాని ప్రధానదోషము. ఆ దోషమును బూతుపై నెట్టి నిందించుట గురి తప్పిన విమర్శ. ఈ ప్రమాణములతో తక్కిన యువచిత్రములను ఒక్కొక్కటిగా పరీక్షించినచో, వానిలో నిలుచునవేవో, రాలిపోవునవేవో తెలియగలదు.